కర్ర పని, మీ ప్రశ్నలు: తుపాకి కుందాకు బీడింగ్, పాత రంపంతో గీకుడు బిళ్ళ

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. సర్కారు బడిలో టీచర్‌ను. సాయుధ పోరాటం మీద ఊళ్ళో నాటకం వేస్తున్నాం. అందుకోసం ఐదు డమ్మీ తుపాకులు చేశాను, మొత్తం కర్రే. బరువు ఉండొద్దని పొనికి వాడాను. నా దగ్గరున్న ఒక పాత ఫొటోలో తుపాకి ముందు భాగంలో, కింద మందు దట్టించే కడ్డీ దూరే గాడికి రెండు పక్కలా సన్నటి గుండ్రటి బీడింగ్, అంటే అంచు వెంట పోయే ఉబ్బు గీత, ఉంది. అలాంటిది చేద్దామని వి-ఉలితో చెక్కితే వంకర పోయింది. రూటర్ (కరెంటు మీద తిరిగే గాడి మిషన్) పెడితే అంచు లేచిపోయింది. దీనికి పనిముట్టు ఏది, ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: దొరకదు సార్, చేసుకోవాలి. బీడింగ్ ఆకారంలో అంచు కోసిన చిన్న ఇనుప బిళ్ళ అది, చెక్కదు, గీకుతుంది. ఒక పూట పని. అయితే ముందు మీ పొనికి సంగతి తేల్చుకుందాం. మీరు రూటర్‌ను తిడుతున్నారు గానీ దాని తప్పు సగమే.

పొనికి నిర్మల్ బొమ్మల కర్ర. ఉలికి వెన్నలా తెగుతుంది, రంగు బాగా పీలుస్తుంది. కానీ గీకితే తెగదు, నలుగుతుంది. పీచు లేచి తడిసిన పిల్లి వీపులా అవుతుంది. గీకుడు పనికి గట్టి కర్ర కావాలి. జిట్రేగి బాగుంటుంది, నల్లమద్ది బాగుంటుంది, బాగా ముదిరిన టేకు కూడా పరవాలేదు. టేకుతో ఒకటే బాధ, దాంట్లో ఇసుకలాంటి పదార్థం ఉంటుంది, పదును తొందరగా తినేస్తుంది. 18వ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ పనివాళ్ళు పొడుగు రైఫిళ్ళకు మేపుల్ కర్ర వాడారు, యూరప్‌లో వాల్‌నట్, అంటే మన అఖ్రోట్ కర్ర. రెండూ సన్నటి గీత గీసినా అంచు నిలబెట్టుకునే కర్రలే.

తుపాకులు అయిపోయాయి కాబట్టి మళ్ళీ చేయమని చెప్పను. గాడికి రెండు పక్కలా ఉన్న కర్ర మేర అర సెంటీమీటరు లోతు మెట్టు తీసి, అందులో టేకు పట్టీ ఫెవికాల్‌తో అతికించండి. రాత్రంతా బిగించి ఉంచండి. మీద రంగు పడ్డాక అతుకు ఎవరికీ కనిపించదు.

ఇంకో మాట, మీరు అడగనిది. ఐదింటికీ బీడింగ్ పెట్టకండి. చిన్నప్పుడు మా దేవరకొండ పక్క పల్లెల్లో నేను చూసిన బర్మార్లకు, అంటే గొట్టం మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకులకు, ఇలాంటి సోకులు లేవు. ఉన్న కర్రను బాడిసతో చెక్కి, గొట్టాన్ని ఇనుప పట్టీతో బిగించి, అంతే. బీడింగ్ ఉన్న తుపాకి గడీలో గోడకు వేలాడేది. దొర పాత్ర చేతిలో దానికి బీడింగ్ పెట్టండి, దళం వాళ్ళ చేతిలో బోసి కర్ర పెట్టండి. వెనక బెంచీలో కూర్చున్నవాడికి కూడా ఏది ఎవరిదో తెలిసిపోతుంది. మీకూ నాలుగు తుపాకుల పని తప్పుతుంది.

ఇక పనిముట్టు. దీనికి మా దగ్గర పెద్ద పేరేమీ లేదు. గీకుడు బిళ్ళ అనేవాళ్ళం. నేను వడ్ల పని, అంటే వడ్రంగం, మా నాయన దగ్గర నేర్చుకున్నా, ఈ బిళ్ళ మాత్రం హైదరాబాద్‌లో నేర్చుకున్నాను. 1978లో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల రిపేరు దుకాణంలో రెండేళ్ళు కుందాలు, అంటే తుపాకి కర్ర భాగాలు, చేశాను. అక్కడ బీడింగ్‌కు రందా (చిత్రిక) ఎందుకు వాడరో మొదటి వారమే అర్థమైంది. రందాకు తిన్నటి అంచు కావాలి. కుందా ఎక్కడా తిన్నగా ఉండదు. ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది, కింద గుండ్రంగా ఉంటుంది, ఇక గాడి పక్కన మిగిలే కర్ర చాలాచోట్ల నాలుగైదు మిల్లీమీటర్లే. దాని మీద రందా నిలబడదు. మీ రూటర్ కూడా అందుకే నిలబడలేదు.

బిళ్ళకు ఇనుము ఏది వాడాలని చాలామంది అడుగుతారు. పనికిరాక మూలన పడేసిన చేతి రంపం తెచ్చుకోండి. ఎందుకు రంపమే అంటే, దాని పళ్ళకు మనమే ఆకురాయితో పదును పెడతాం కదా. అంటే దాని మీద ఆకురాయి పడుతుంది. అయినా కర్రను కోసేంత గట్టిదనం దానికి ఉంది. కాల్చి, నీళ్ళలో ముంచి గట్టిపరచాల్సిన పని లేదు. ఈ మధ్య వచ్చే రంపాలకు పళ్ళ కొసలు నల్లగా, నీలంగా ఉంటాయి. ఆ పళ్ళు మాత్రం ఆకురాయికి లొంగవు. ఆ పట్టీ కోసేసి మిగతా పలక వాడుకోండి.

రెండంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ముక్క చాలు. గ్రైండర్‌తో కోసేటప్పుడు ప్రతి రెండు సెకన్లకు నీళ్ళలో ముంచుతూ ఉండండి. ఎక్కడైనా నీలం రంగు తిరిగితే అక్కడ ఇనుము మెత్తబడ్డట్టే. ఆ మేర ఆకురాయితో తీసేయండి.

ఇప్పుడు ఆకారం. కర్ర మీద ఉబ్బు ఏదైతే ఉంటుందో, బిళ్ళలో అది గుంట. మూడు మిల్లీమీటర్ల గుండ్రటి బీడింగ్ కావాలంటే బిళ్ళ అంచులో మూడు మిల్లీమీటర్ల అర్ధచంద్రం గుంట, దానికి అటూ ఇటూ బీడింగ్ పక్క గీతలు కోసే రెండు మొనలు. మొనలు మరీ సూదిలా ఉంటే మొదటి పూటే విరుగుతాయి, కొస ఒక మిల్లీమీటరన్నా మందం ఉండాలి. బిళ్ళకు మార్కర్ పూసి, ఆరాక సూదితో గీత గీసుకుంటే స్పష్టంగా కనిపిస్తుంది. బిళ్ళను రెండు కర్రముక్కల మధ్య పెట్టి వైస్‌లో బిగించండి, మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రం బయటికి ఉండాలి. ఎక్కువ ఉంటే ఆకురాయి కీచుమని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, అంచు గళ్ళు గళ్ళుగా వస్తుంది. సన్నటి గుండ్రటి ఆకురాయితో గుంట తీయండి. ముందుకు తోసేటప్పుడే నొక్కండి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తండి. ఆకురాయి బిళ్ళకు అడ్డంగా, సమానంగా పోవాలి, ఒక పక్కకు వాలకూడదు.

ఆకురాయి గీతలు గుంట లోపల ఉండిపోతాయి. అవి పోకపోతే ఆ గీతలన్నీ మీ బీడింగ్ మీద అచ్చుపడతాయి. దీనికి మా దుకాణంలో సైకిల్ స్పోక్ వాడేవాళ్ళం. స్పోక్ మందం రెండు మిల్లీమీటర్లు, దానికి ఎమిరీ పేపర్ ఒక చుట్టు చుడితే మీ గుంటకు సరిగ్గా సరిపోతుంది. మొదట 400 నంబరు, తర్వాత 1000. గోరు ఆనిస్తే జారిపోవాలి.

చాలామంది ఇక్కడితో ఆపేసి, బిళ్ళ కోయడం లేదని ఉత్తరం రాస్తారు. ఆకారం కాదు కోసేది. బిళ్ళ ముఖం, అంటే రెండు వెడల్పాటి వైపులు, నూనె రాయి మీద బోర్లా పెట్టి అద్దంలా అయ్యేదాకా రుద్దాలి. రంపం పలక మీద తుప్పు మచ్చలు, పాత అక్షరాలు ఏవి ఉన్నా అంచు దగ్గర పూర్తిగా పోవాలి. రెండు సమానమైన తలాలు కలిసే చోటే పదును పుడుతుంది. ఒకటి అద్దంలా ఉండి రెండోది గరుకుగా ఉంటే పదును లేనట్టే. నేను ఆకారానికి అరగంట పెడితే ముఖాలకు గంట పెడతాను. పదును పోయినప్పుడు కూడా గుంటను ముట్టుకోను, ముఖాలే రుద్దుతాను. అట్లా అయితే ఆకారం చెడిపోదు.

బిళ్ళను చేత్తో పట్టుకుని గీస్తే గీత తిన్నగా రాదు. దానికి ఒక పిడి, ఒక ఆనిక కావాలి. జానెడు కంటే తక్కువ పొడవున్న గట్టి కర్రను ఎల్ ఆకారంలో కోయండి. పొడుగు చేయిలో రంపంతో ఒక చీలిక కోసి, అందులో బిళ్ళ దూర్చి, రెండు స్క్రూలతో బిగించండి. పొట్టి చేయి మీ ఆనిక. అది గాడి అంచుకు రాసుకుంటూ పోతుంది. తలుపు పనికి ఆనిక చదునుగా ఉంటే సరిపోతుంది. కుందాకు అట్లా కాదు. ఆనిక ముఖాన్ని కొంచెం కోడిగుడ్డులా గుండ్రం చేయాలి, అంచును ఒకే చోట తాకాలి. అప్పుడే వంపులో కూడా గీత అంచుకు ఒకే దూరంలో నడుస్తుంది. చదును ఆనిక పెడితే వంపు రాగానే బిళ్ళ లోపలికో బయటికో జరుగుతుంది.

గీకే ముందు కుందాలో గొట్టం కూర్చునే గాడిలో దానికి సరిపడా కర్ర దిండు పెట్టండి. లేకపోతే వైస్ బిగించగానే సన్నటి గోడలు చిట్లుతాయి. డమ్మీకి గొట్టం కూడా కర్రే కాబట్టి మీకు ఆ బాధ లేదనుకోండి.

గీత ఈ కొస నుంచి ఆ కొసకు ఒకేసారి లాగొద్దు. ఎక్కడ ముగుస్తుందో అక్కడ మొదలుపెట్టండి. చివరి రెండంగుళాలు మొదట, ఆ తర్వాత నాలుగంగుళాల వెనక నుంచి, అట్లా వెనక్కి జరుగుతూ రండి. మొదటి నాలుగైదు సార్లు బిళ్ళ బరువు తప్ప ఏమీ వేయకండి. వెళ్ళే దిక్కుకు పిడిని కొద్దిగా వాల్చి పట్టుకుంటే అంచు కర్రలోకి గుచ్చుకోకుండా వెనక నడుస్తుంది. సన్నటి చుట్టలు రాలుతుంటే పదును ఉన్నట్టు, పొడి రాలుతుంటే రాయి మీదికి వెళ్ళాల్సిన టైం అయినట్టు. పీచు ఎదురు తిరిగిన చోట బిళ్ళను తిప్పి అటు నుంచి గీకండి. అంచు రెండు వైపులా చతురస్రంగానే ఉంది కాబట్టి ఎటైనా కోస్తుంది.

నా మొదటి కుందా గురించి చెప్పాలి. అఖ్రోట్ కర్ర, ఖాతాదారుది. గీత సగం దాకా ముత్యంలా వచ్చింది. సంబరపడి రెండు చేతులతో నొక్కాను. ఆనిక గాడిలోంచి జారి, బీడింగ్ మీద నుంచి అడ్డంగా ఒక గీత, చిటికెన వేలంత. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె పెట్టాను. నొక్కుపడిన సొట్ట అయితే ఆవిరికి లేస్తుంది, గీకి తీసేసిన కర్ర ఎక్కడి నుంచి వస్తుంది? మా ఉస్తాద్ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. కొత్త బిళ్ళ చేయమన్నాడు, బీడింగ్ అర మిల్లీమీటరు ఎక్కువ వెడల్పుతో. రెండు వైపులా మొత్తం పొడవునా మళ్ళీ గీకించాడు. ఆ పని నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజుల కూలి నాకు రాలేదు. ఖాతాదారు వచ్చి చూసి, ఈసారి బీడింగ్ బాగుంది అన్నాడట.

మీ నాటకానికి తుపాకులు బండి మీద తీసుకుపోతుంటే గోనె సంచిలో కట్టి తీసుకెళ్ళండి. పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచండి. దూరం నుంచి చూసినవాళ్ళకు అది టేకో పొనికో తెలియదు.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నాను. మా తాతగారి పేరు మీద ఉన్న లైసెన్సు తుపాకి ఇప్పుడు మా నాన్నగారి పేరు మీదికి మారింది. కుందా కింద బీడింగ్ ఒక చోట ఊడిపోయింది, మిగతాది మురికి పట్టి గీత కనిపించడం లేదు. గీకుడు బిళ్ళతో నేనే సరిచేయవచ్చా?

జవాబు: వద్దు. బిళ్ళ చేయడం మీకు చేతకాదని కాదు. తుపాకి రిపేరుకు 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడిగా లైసెన్సు ఉండాలి. మీ నాన్నగారి లైసెన్సు ఉంచుకోవడానికే. ఊడిన చోటు లైసెన్సు ఉన్న దుకాణంలోనే అతికించాలి.

మురికి మాత్రం మీరు తుడవవచ్చు. మెత్తటి గుడ్డకు అవిసె నూనె రెండు చుక్కలు వేసి గీత వెంట నెమ్మదిగా రుద్దండి, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. ఎమిరీ పేపర్ దగ్గరికి రానీయకండి. పాత బీడింగ్‌ను చెడగొట్టేది మురికి కాదు, పేపర్. రెండు నిమిషాల్లో మొన గీతలు గుండ్రమైపోతాయి, ఆ తర్వాత అది బీడింగ్ కాదు, ఉబ్బు. ఇంకో జాగ్రత్త. అవిసె నూనె గుడ్డను ఉండ చుట్టి మూలకు విసరకండి. ఆరేటప్పుడు అది వేడెక్కుతుంది, ఉండగా ఉంటే తనంతట తానే మంట అంటుకుంటుంది. దండెం మీద పరిచి ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో వేయండి.

ప్రశ్న: కల్వకుర్తిలో మా అత్తగారి ఇంటి పాత దర్వాజకు బీడింగ్ రెండడుగుల మేర చెదలు తినేసింది. మా కాలనీలో ఉన్న వడ్రంగి అబ్బాయి ఆ డిజైన్ కోసే రూటర్ బిట్ దొరకదంటున్నాడు, మొత్తం దర్వాజ మార్చమంటున్నాడు. మీరు చెప్పే బిళ్ళ దీనికి పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది అమ్మా. దర్వాజ మార్చనివ్వకండి. ఆ అబ్బాయికి ఈ పేజీ చూపించండి.

ఆకారం పట్టుకోవడం ఇట్లా. చెదలు తిన్న భాగం ఎట్లాగూ తీసేస్తారు. తీసే ముందు, ఇంకా మంచిగా ఉన్న కొస దగ్గర సన్న రంపంతో బీడింగ్‌కు అడ్డంగా ఒక కోత కోయమనండి. ఆ చీలికలోకి పోస్ట్‌కార్డు లాంటి గట్టి అట్ట దూర్చి, పెన్సిల్‌తో అంచు వెంట గీస్తే బీడింగ్ ఆకారం అట్ట మీద అచ్చుగా వస్తుంది. అట్టను కత్తిరించి బిళ్ళ మీద పెట్టి గీసుకోవాలి, ఉబ్బుకు గుంట, గుంటకు ఉబ్బు.

దర్వాజ బీడింగ్ రెండంగుళాలు ఉంటుంది. అంత వెడల్పు ఒకే బిళ్ళతో గీకితే ఎంత బలమున్నవాడికైనా చేయి ఆగదు, బిళ్ళ వణికి కర్ర మీద అలలు వస్తాయి. ఆకారాన్ని రెండు మూడు ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక్కో బిళ్ళ చేయమనండి, ఏదీ అంగుళం దాటొద్దు. ఎక్కువ కర్ర రందాతో, ఉలితో ముందే తీసేయాలి. బిళ్ళ చివరి మిల్లీమీటరుకే. కొత్త ముక్కకు పాత టేకు దొరికితే మేలు. పడగొట్టిన ఇళ్ళ సామాను అమ్మే చోట వెతకండి, రంగు కూడా కలుస్తుంది.

ప్రశ్న: దేవరకొండలో ఐటీఐ చదువుతున్నాను. హాక్సా బ్లేడుతో గీకుడు బిళ్ళ చేద్దామని స్టవ్ మీద ఎర్రగా కాల్చి చల్లారనిచ్చాను. ఆకురాయితో ఆకారం బాగా వచ్చింది. కానీ రెండు సార్లు గీకగానే అంచు మడతపడుతోంది. ఎందుకు?

జవాబు: తమ్ముడూ, ఎర్రగా కాల్చి మెల్లగా చల్లార్చావు కాబట్టి అది మెత్తబడింది. ఆకురాయి పట్టడానికి అది సరైన పనే. కానీ ఆకారం వచ్చాక మళ్ళీ గట్టిపరచాలి.

మొదట నీ బ్లేడు ఏదో చూసుకో. బ్లేడు మీద హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) అని రాసి ఉంటే అది స్టవ్ మీద మళ్ళీ గట్టిపడదు. దానికి 1200 డిగ్రీల దాకా వేడి కావాలి. పళ్ళ వైపు ఒక ఇనుము, వీపు వైపు ఇంకో ఇనుము అతికిన బైమెటల్ బ్లేడు అయినా వద్దు. మామూలు కార్బన్ ఉక్కు బ్లేడు అయితేనే నేను చెప్పింది పనిచేస్తుంది.

కొలిమిలోనో, గ్యాస్ టార్చ్‌తోనో చెర్రీ ఎరుపు వచ్చేదాకా కాల్చి, అయస్కాంతం దగ్గరికి తీసుకురా. అంటుకోవడం మానేసిందంటే 770 డిగ్రీలు దాటినట్టు. మంటలోనే ఇంకొక్క నిమిషం ఉంచి, నిలువుగా నూనెలో ముంచు, అడ్డంగా ముంచితే వంగుతుంది. నూనె ఇనుప డబ్బాలో ఉండాలి, ప్లాస్టిక్ డబ్బా వద్దు. పైన మంట లేస్తుంది కాబట్టి మూత చేతికి అందేలా ఉంచుకో. బ్లేడు పలచన, గాల్లోనే చల్లారిపోతుంది, కాబట్టి మంటకూ నూనెకూ మధ్య దూరం ఒక అడుగు కంటే ఎక్కువ పెట్టుకోకు.

ఇప్పుడు అది గాజులా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. ఒక ముఖాన్ని ఎమిరీతో తెల్లగా చేసి, వీపు వైపు నుంచి సన్నని మంట మీద నెమ్మదిగా వేడి చెయ్యి. రంగు వీపు నుంచి అంచు వైపు పాకుతుంది. ఎండు గడ్డి రంగు అంచును తాకగానే నీళ్ళలో ముంచు. నీలం వచ్చేదాకా చూస్తూ కూర్చున్నావంటే మళ్ళీ మొదటికే. ఇదంతా వద్దనుకుంటే మీ వర్క్‌షాప్‌లో పడేసిన పాత చేతి రంపం కోసం ఇన్‌స్ట్రక్టర్‌ను అడుగు, పైన టీచర్ గారికి చెప్పింది చదువుకో.